పాటలో మన ముక్క

మగ్గం నేసేవాళ్లకు పాట చెవులతో వినేదే. కళ్లు పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన పోగుల మీద ఉండాలి. పోగు తెగింది చూసుకోకుండా నేసుకుంటూ పోతే చీరలో తప్పు పడుతుంది, ఆ తప్పుకు షావుకారు కూలిలో కోత వేస్తాడు. మా ప్రొద్దుటూరులో మేమున్న వీధంతా మగ్గాలే. అడ్డపోగు తీసుకుపోయే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు, దాని మీద రేడియో పాట. ఈ రెండూ కలిసి వినపడితేనే మా వీధికి తెల్లారినట్టు.

మా నాయన మగ్గం గుంతలో కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో గోడకు మేకు కొట్టి రేడియో తగిలించి ఉండేది. ముల్లు ఎప్పుడూ కడప ఆకాశవాణి మీదే. దాన్ని జరిపితే మా జేజి, అంటే నాయనమ్మ, ఊరుకునేది కాదు. పాటకు ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం అని వరసగా చెప్పేవాళ్లు. చదువు రాని మా జేజికి కూడా ఏ పాట ఎవరు రాశారో నోటికి వచ్చేదంటే అది ఆ అనౌన్సర్ల పుణ్యమే.

కోరిన పాటలకు వీధిలో కుర్రాళ్లు 15 పైసల కార్డు రాసేవాళ్లు. కార్డు చిన్నది, పేర్లు ఎక్కువ. అంచుల్లో, అడ్రసు పక్కన, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇరికించేవాళ్లు. ఒకసారి నాయనకు చెప్పకుండా ఆయన పేరు కూడా రాసేశారు. నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతున్న అమ్మ రాట్నం ఆపి "ఏమయ్యో, నీ పేరు చెప్తాండారు" అని అరిచింది. అప్పటికి పేరు వెళ్లిపోయి పాట మొదలైంది. నాయన నాడె పట్టుకుని అట్లాగే కూర్చుని ఆ పాట మొత్తం విన్నాడు. తర్వాత ఎన్నిసార్లు ఆ పాట వచ్చినా అది మా ఇంట్లో నాయన పాటే. అందులో నటించిన హీరో ఎవరో మాకు అప్పటికి తెలియదు.

నాకిప్పటికీ అనిపిస్తుంది, పాటల వీడియోల కథ మా వీధి వరకు అక్కడే మొదలైందని. పాట వినేవాడికి అందులో తనకూ ఇంత చోటు కావాలి. రేడియో దాన్ని పేరు రూపంలో ఇచ్చింది. ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ చోటును తలా ఒక రకంగా ఇచ్చినవో, లేకపోతే తీసేసుకున్నవో.

టీవీ ముందు వచ్చింది షావుకారు ఇంటికి. బ్లాక్ అండ్ వైట్, ముందు జరిపే చెక్క తలుపులు. బుధవారం హిందీ చిత్రహార్, శుక్రవారం మన చిత్రలహరి. చిత్రహార్‌కు కుర్రాళ్లు మాత్రమే పోయేవాళ్లు. చిత్రలహరికి వీధి వీధంతా కదిలేది. మగ్గాలన్నీ ఆగి ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చిందంటే, గడియారం లేని ఇంట్లో కూడా టైమైందని తెలిసిపోయేది. పిల్లలు నేల మీద, ఆడవాళ్లు గోడకు ఆనుకుని, మగవాళ్లు కిటికీ బయట. కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ ఒకపక్క. మిద్దె మీద యాంటెన్నా పట్టుకుని నిలబడిన పిల్లోడికి పాట కనపడదు గనక, కింద నుంచి ఎవరో ఒకరు కథ చెప్పినట్టు చెప్పేవాళ్లు.

పాటలు వచ్చేవి నాలుగో ఐదో. అందులో ఒకటి ఏఎన్నార్‌దో ఎన్టీఆర్‌దో పాతది. మధ్యలో ఒకటి శోభన్‌బాబుదో కృష్ణదో. ఆఖరున చిరంజీవి వస్తాడని కుర్రాళ్ల ఆశ. ఎవరి పాట వచ్చినా మిగతావాళ్లు లేచి పోయేందుకు లేదు, లేస్తే చోటు పోతుంది. మా జేజి చిరంజీవి డాన్సు చూసింది ఆ నేల మీద కూర్చునే. నేను ఘంటసాలను మనసుపెట్టి విన్నదీ అక్కడే. మాకు నచ్చనివాటిని కూడా ఓపిగ్గా చూసి ఒక్కొక్కటిగా నచ్చించుకున్నాం. ఇప్పుడు ఫోన్ మనకు నచ్చినదే వెతికి తెచ్చి వరసగా పెడుతుంది. పక్కవాళ్ల పాట మన చెవిన పడే దారే మూసుకుపోయింది. నాకు ఈ మార్పులో బాధ కలిగించేది ఇదొక్కటే.

జేజికి మాత్రం టీవీ పాటతో ఒక పేచీ ఉండేది. రేడియోలో ఏళ్ల తరబడి విన్న పాట ఒకటి టీవీలో వచ్చిన రోజు ఆమె ముఖం చిన్నబోయింది. "నాకు ఈ పాటలో మన పెన్నేరు కనపడేదిరా. వీళ్లు యాడనో కొండల్లో సొట్టర్లు యేసుకోని తిరుగుతాండారు" అంది. ఆ మాట ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆమె ఎంత పోగొట్టుకుందో అర్థమవుతుంది. ఇసుక తేలిన పెన్నేరు, ఆవలి గట్టు, ఎండ. అదంతా ఆమె సొంతంగా తీసుకున్న బొమ్మ. ఆ స్వెట్టర్ల బొమ్మ ఒక్కసారి చూశాక అది మళ్లీ రాలేదట.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఇంగ్లిష్ పాటల ఛానళ్లు చూశాను. అమెరికాలో ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. వేసిన మొదటి పాటే, వీడియో వచ్చి రేడియో గాయకుణ్ని చంపేసిందనే పాట. 1983 డిసెంబరులో మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ వీడియో వచ్చింది. సినిమా దర్శకుడు జాన్ లాండిస్‌ను పెట్టుకుని పాటను 14 నిమిషాల చిన్న సినిమాగా తీశారు. అక్కడ పాట ముందు పుట్టేది, దాన్ని అమ్ముకోవడానికి తర్వాత బొమ్మ తీసేవాళ్లు. మనకు ఆ అవసరం రాలేదు. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు సినిమాకు మాట వచ్చినప్పుడే పాట, పద్యం కూడా వచ్చాయి. సినిమాలోంచి పాటను కోసి చూపిస్తే చాలు, వీడియో తయారు. అందుకే మన దగ్గర పాటంటే హీరో పాటే అయింది. పాడినవాళ్ల ముఖం చూడకుండానే తరాలు గడిచాయి. 1990లలో హిందీలో సినిమాతో సంబంధం లేని పాప్ ఆల్బమ్‌లు వచ్చి, పాడేవాళ్లే తెర మీద కనపడితే హాస్టల్లో మాకు వింతగా ఉండేది. ఆ గాలి తెలుగులో పెద్దగా వీయలేదు.

మా వీధిని పాటలోకి తెచ్చింది మాత్రం ఆ ఛానళ్లు కాదు, పెళ్లి క్యాసెట్టు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే వీడియో పాటల గురించి ఎవరు ఎంత మాట్లాడినా దీని ఊసు ఎత్తరు.

మా అక్క పెళ్లికి వీడియో పెట్టించారు. భుజం మీద పెద్ద కెమెరాతో ఒకాయన, పక్కన లైటు పట్టుకునే పిల్లోడు, వాడి వెనక పందిరంతా పాకే వైరు. లైటు పడగానే అంతవరకు గలగలా మాట్లాడుతున్న వాళ్లు బొమ్మల్లా బిగుసుకుపోయేవాళ్లు. పంక్తిలో అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయేది. వెలుగుకు అందరూ కళ్లు చిట్లించేవాళ్లు. పెళ్లయిన చాలా రోజులకు, మిక్సింగ్ చేయించుకుని క్యాసెట్టు వచ్చింది. షావుకారు ఇంట్లోనే, అద్దెకు తెచ్చిన వీసీఆర్ డెక్కులో పెట్టాం.

మొదట తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి అక్క ముఖం. చందమామలో బావ. ఇద్దరూ హృదయం ఆకారంలో కలిశారు, కింద పేర్లు ఎగిరొచ్చి కుదురుకున్నాయి. అక్కడి నుంచి మూడు గంటలూ పాటలే. తలంబ్రాలకు ఒక పాట, భోజనాలకు ఆ ఏడాది ఊరంతా మోగుతున్న డ్యూయెట్టు, అప్పగింతలకు ఏడిపించే పాట. అది చూస్తున్నప్పుడు గదిలో ఏం జరిగిందో నాకు బాగా గుర్తు. అప్పటిదాకా టీవీ పాట వస్తే అందరి కళ్లూ హీరో మీద. ఇప్పుడు ఎవరి కళ్లు వాళ్ల కోసం వెతుకుతున్నాయి. "అదో నేను", "ఈ పక్క చీర కొంగు నాదే", "జరుగు, మీ తల అడ్డమొచ్చింది అత్తా" అని ఒకటే గోల.

అంతలో నాయన వచ్చాడు. తాంబూలం పళ్లెం పట్టుకుని పందిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు. మిక్సింగ్ చేసినాయనకు ఏం తోచిందో, ఆ నడకను స్లో మోషన్‌లో పెట్టి, దాని మీద ఒక పాట ముందొచ్చే వేణువు ముక్క వేశాడు. రోజంతా మగ్గం గుంతలో వంగి కూర్చునే మనిషి నిటారుగా నడిస్తే ఎట్లుంటాడో మేమెవ్వరం అంత తీరిగ్గా చూసింది లేదు. తెల్ల పంచె అంచు ఒక్కో అడుగుకూ మెల్లగా లేచి దిగుతోంది. కొత్త తువ్వాల భుజం మీద నుంచి జారబోతే, పళ్లెం కదలకుండా గడ్డంతో ఆపాడు. వేణువు ఆగి తబలా అందుకునే చోటుకు సరిగ్గా ఆయన తల తిప్పి కెమెరాను చూశాడు. కిటికీ బయట ఎవరో ఈల వేశారు. నాయన మాత్రం తల దించుకుని "సాల్లేరా, ముందుకు పోనీ" అన్నాడు. పోనిస్తే కదా. వెనక్కి తిప్పి వేశారు, మళ్లీ తిప్పారు. ఆ తర్వాత ఏళ్లలో క్యాసెట్టు ఎప్పుడు పెట్టినా అక్కడ తిప్పడమే. ఆ ముక్క దగ్గర టేపు అరిగిపోయి గీతలు పడ్డాయి.

అమ్మకు మాత్రం ఆ క్యాసెట్టంటే కోపం. వంటల దగ్గర, వడ్డన దగ్గర తిరుగుతూనే ఉన్న మనిషి కదా, మొత్తం మీద రెండు చోట్ల వెనక నుంచి కనపడుతుంది, అంతే. "మీ నాయనకు వేణువు, నాకు వీపు" అనేది. వీధిలో చాలామంది అమ్మల పరిస్థితి ఇదే.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్ వైరు ఒక్కో మిద్దె దాటుకుంటూ మా ఇంటికీ చేరింది. శుక్రవారం కోసం చూసే పని తప్పింది, పొద్దస్తమానం పాటలే. ఫోన్ చేసి పాట అడిగే కార్యక్రమాలు వచ్చాక మా వీధి ఎస్‌టీడీ బూత్ ముందు గుంపు. అందరూ ఒకే నెంబరుకు చేస్తుంటే లైను దొరికేది కాదు. దొరికిన నాడు బూత్ పక్కింటి టీవీలో మనవాడి గొంతు మనకే రెండుసార్లు వినపడేది. "టీవీ సౌండ్ తగ్గించండి" అని యాంకరమ్మ, "తగ్గించండ్రా" అని బూత్‌లోంచి వీడు. ఏం చేస్తుంటారు అంటే "మగ్గం నేస్తాం మేడమ్" అని చెప్పిన కుర్రాడి గొంతులో గర్వం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. పాట ఎవరికి అంకితం అంటే వీధిలో అందరి పేర్లూ చెప్పాడు. 15 పైసల కార్డు మళ్లీ వచ్చింది, ఈసారి సొంత గొంతుతో.

ఆ గోలలో నాయనకు నచ్చింది ఒక్కటే. 1996లో మొదలైన పాడుతా తీయగా. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పాడిన పిల్లలకు తప్పొప్పులు చెప్తూ, ఆ పాట ఎట్లా పుట్టిందో, రాసినాయన ఆ మాట అక్కడే ఎందుకు వేశాడో వివరించేవారు. టీవీకి వీపు పెట్టి మగ్గం మీద కూర్చున్నా ఒక్క ముక్క పోదు. రేడియో పోయాక రాసినవాళ్ల పేర్లు మా ఇంట్లో మళ్లీ వినపడింది అప్పుడే.

సీడీలు, మెమరీ కార్డులు, మొబైల్ షాపులో డబ్బులిచ్చి పాటలు ఎక్కించుకోవడం, ఇవన్నీ వచ్చినంత వేగంగానే పోయాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మగ్గం పక్కన రేడియో చోటులోకి ఫోన్ చేరింది. యూట్యూబ్‌లో వీడియో నడుస్తూ ఉంటుంది, నేసేవాడు చూడడు. సినిమాకు ముందే వదిలే లిరికల్ వీడియోలు మాకు బాగా సరిపోయాయి. చూడకపోయినా నష్టం లేదు, తీరిక దొరికితే ఒకసారి తలెత్తి సాహిత్యం చదువుకోవచ్చు. రాసినవారు, పాడినవారు అందరి పేర్లూ ఉంటాయి. పవర్‌లూమ్‌లు వచ్చిన ఇళ్లలో మాత్రం ఆ హోరుకు పాట వినపడదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎవరి పాట వాళ్లదే. ఒక గదిలో నలుగురు పనిచేస్తుంటే నాలుగు పాటలు.

2012 డిసెంబరులో గంగ్నమ్ స్టైల్ అనే కొరియా పాట యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అయింది. ఆ గుర్రపు స్వారీ స్టెప్పు మా వీధి వినాయక చవితి ఊరేగింపులో కూడా వేశారు. తర్వాత 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా ఎంబసీ సిబ్బంది మన నాటు నాటుకు స్టెప్పులేసి వీడియో పెట్టారు. మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీసిన ఆ సినిమా పాట వీడియోను కోట్ల మంది చూశారు సరే, అంతమంది దాన్ని తమ ఇంటి ముందు మళ్లీ చేసి పెట్టడమే నాకు గొప్పగా అనిపించింది. ప్రేమ్ రక్షిత్ కట్టిన ఆ స్టెప్పు చూస్తే కాళ్లు ఊరుకోవు. ఇద్దరుండాలి, భుజాలు కలవాలి. ఒంటరిగా వేసేది కాదు. అందుకే అది నాకు ఇంకా ఇష్టం.

మా పక్కవీధిలో కండెలు చుట్టే ఒక చెల్లెమ్మ టిక్‌టాక్‌లో డాన్సులు చేసేది. రాట్నం ముందు కూర్చునే, చేతులూ కళ్లతోనే. ఎక్కడెక్కడి వాళ్లో చూసి మెచ్చుకునేవాళ్లు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించాక ఆమె చేసినవన్నీ కనపడకుండా పోయాయి. దేశ భద్రత కోసం చేసిన నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆమె మెచ్చుకోళ్లు, ఆమె నవ్వులు, పిల్లోడు వెనక నుంచి పాక్కుంటూ వచ్చే ఆ వీడియో, అవి ఎక్కడా దాచుకోలేదు. అవి పోయాయనే మాట ఆమె ఇంకా అంటుంది. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రీల్స్ చేసేవాళ్లను చూసి "పనీపాటా లేదు" అనేవాళ్లకు నేను చెప్పేదొకటే, ఆమెకు పనీ ఉంది, పాటా ఉంది.

ఈ సంగతి చూశాకే అక్క పెళ్లి క్యాసెట్టు గుర్తొచ్చి భయం పట్టుకుంది. ప్లాస్టిక్ టేపు మీద పూసిన అయస్కాంతపు పొడిలోనే బొమ్మంతా ఉంటుంది. ఏళ్లు గడిస్తే ఆ పూత రాలుతుంది, చెమ్మ తగిలితే తెల్లగా బూజు పడుతుంది. జపాన్‌లో వీసీఆర్‌లు చేసే ఆఖరి కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో తయారీ ఆపేసింది. ఉన్న డెక్కులు పాడైతే క్యాసెట్టు ఉన్నా లేనట్టే. కడపలో పాత క్యాసెట్లు ఎక్కించే ఒక షాపుకు తీసుకెళ్లాను. ఆయన ముందుగా మూత ఎత్తి బూజు ఉందేమో చూశాడు. బూజున్నది డెక్కులో పెడితే డెక్కు హెడ్డూ చెడుతుంది, టేపూ చెడుతుందట. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ నడవాల్సిందే, తొందరపెట్టి లాభం లేదు. మీ అటక మీద ఇట్లాంటివి ఉంటే ఇంట్లో ఉన్న పాత డెక్కులో పెట్టి పరీక్షించొద్దు, నేరుగా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఫైలు ఇంటికొచ్చాక మా మేనకోడలు దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. కాసేపటికే శబ్దం తీసేశారు. అందులో ఉన్నవన్నీ సినిమా పాటలు కదా. పాట హక్కులున్న కంపెనీలు తమ పాటల నమూనా ముందే ఇచ్చి ఉంటాయి, కొత్తగా ఎవరు వీడియో పెట్టినా కంప్యూటరే పోల్చి పట్టేస్తుంది. పాట చేసినవాళ్ల హక్కు వాళ్లకు ఉండాల్సిందే, ఆ మాట నేను గట్టిగా నమ్ముతాను. అయినా నాయన వేణువు లేకుండా నడుస్తుంటే చూడలేకపోయాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆ పిల్ల ఊరుకోలేదు. నడక ముక్క ఒక్కటే కోసి, రీల్స్ యాప్‌లో అనుమతి ఉన్న పాటల జాబితాలో వెతికితే అదే పాట దొరికింది. వేణువు ముక్కను అడుగులకు జాగ్రత్తగా కుదిర్చి పెట్టింది. తబలా అందుకునే చోట ఆయన తల తిప్పేలా ఎన్నోసార్లు జరిపి చూసుకుంది. పెట్టిన రోజు రాత్రికే మేమెవరమో తెలియనివాళ్లు కూడా "తాత నడక సూపర్" అని రాశారు. అమ్మకు చదివి వినిపించాం. విన్నది, ఫోన్ చేతిలోకి తీసుకుని ఇంకోసారి చూసింది, తిరిగి ఇచ్చేస్తూ మనవరాలితో అంది, "బాగుండాదిలే. ఆ వడ్డన దగ్గర నాది యాడన్నా ఉంటాది, సరిగ్గా ఎతుకు. దానికి మంచి పాట పెట్టు."